పాత గార్డెన్ ట్రాక్టర్: కొనే ముందు, కదిలించే ముందు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి. యాభై, అరవై ఏళ్ల కిందటి చిన్న గార్డెన్ ట్రాక్టర్ కంటపడింది, కొనొచ్చా, కొంటే మళ్లీ నడుస్తుందా అని. ముప్పై ఏళ్లకు పైగా ఇలాంటి ఇంజన్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి, కాబట్టి ఈ నెల పేజీ అంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మాకు తెలిసిన ఒక పెద్దావిడ షెడ్డులో 1960ల నాటి గార్డెన్ ట్రాక్టర్ ఉంది. ఆవిడ భర్త పోయాక పదకొండేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. ఇంజన్ అసలు తిరగడం లేదు. అమ్మేస్తానంటున్నారు. ఇంజన్ పోయిన బండి కొనడం తెలివితక్కువ పనా? చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చూడాలి?

జవాబు: ఇంజన్ తిరగలేదని వెనక్కి వచ్చేయకండి. కొత్తగా కొనేవాళ్లు అందరూ ఇంజన్ దగ్గరే ఆగిపోతారు. నా లెక్కలో ఇంజన్ మూడో స్థానంలో ఉంటుంది. మొదటిది గేర్‌బాక్స్, రెండోది ఊడిపోయి కనిపించకుండా పోయిన భాగాలు.

ఎందుకో చెబుతాను. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల కబ్ క్యాడెట్ 1961లో వచ్చింది. జాన్ డీర్ 110 వచ్చింది 1963లో. వీటిలోనూ, ఆ కాలం నాటి వీల్ హార్స్ బళ్లలో చాలావాటిలోనూ కోలర్ కంపెనీ కె-సిరీస్ ఇంజన్ ఉంటుంది. ఒకే సిలిండర్, పోత ఇనుము. వాల్వులు తల మీద కాకుండా సిలిండర్ పక్కన ఉంటాయి కాబట్టి హెడ్ అంటే దాదాపుగా ఒక మూత మాత్రమే. బోల్టులు తీస్తే పిస్టన్ తల, సిలిండర్ గోడలు, వాల్వులు అన్నీ కళ్ల ముందు ఉంటాయి. సిలిండర్ అరిగితే బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేసుకోవచ్చు. రింగులు, గాస్కెట్లు, పాయింట్లు (స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్ లాంటివి) ఇప్పటికీ దొరుకుతాయి. అంటే ఆ ఇంజన్‌ను బాగు చేసుకోవడానికి వీలుగానే తయారు చేశారు. పగిలిన గేర్‌బాక్స్ పెట్టె, పోయిన ఇంజన్ రేకులు, పీటీఓ క్లచ్ (గడ్డి కోసే డెక్ లాంటి పరికరాలకు ఇంజన్ బలం అందించేది), ముందు గ్రిల్ మాత్రం అలా కాదు. వాటి కోసం అలాంటిదే ఇంకో బండి వెతకాల్సి వస్తుంది.

కాబట్టి వెళ్లగానే బానెట్ ఎత్తకండి. వెనక చక్రం దగ్గర కూర్చోండి. రెండు చేతులతో చక్రం పట్టుకుని లోపలికి, బయటికి, పైకి, కిందికి కదిలించండి. కొద్దిపాటి కదలిక ఫరవాలేదు. టకటకా కొట్టుకుంటుంటే యాక్సిల్ బేరింగులో, బుష్షులో అరిగాయి. తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్ ప్లగ్ విప్పి వేలు పెట్టి చూడండి. ఆయిల్ నల్లగా ఉన్నా నాకు దిగులు లేదు. పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరాయి, లోపల బేరింగులకు తుప్పు పట్టి ఉండొచ్చు. క్లచ్ తొక్కిపెట్టి ఒక్కొక్క గేరూ వేసి చూడండి. న్యూట్రల్‌లో బండిని చేత్తో తోయండి. తోస్తున్నప్పుడు ఒకే చోట తిరిగి తిరిగి అదే చప్పుడు వస్తుంటే పన్ను విరిగిన గేరు ఉందేమో అనుకోవాలి.

ఒక మాట గట్టిగా చెబుతాను. మొదటిసారి కొంటున్నారు కాబట్టి, గేర్ల బండి అయితేనే కొనండి. గేర్లు లేకుండా ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రోస్టాటిక్ బండి నడపడానికి చాలా హాయిగా ఉంటుంది, నాకూ ఒకటి ఉంది. అయితే ఇంజన్ తిరగని హైడ్రోస్టాటిక్ బండిలో పంపు ఎలా ఉందో తెలుసుకునే దారి లేదు. పంపు మంచిదో కాదో బండి వేడెక్కాక, ఎత్తు ఎక్కేటప్పుడు గానీ బయటపడదు.

ఆ తర్వాత చాసిస్. ముందు యాక్సిల్ మధ్యలో ఊగే చోట, ఇంజన్ బిగించిన బోల్టుల చుట్టూ టార్చి వేసి చూడండి. పాత వెల్డింగ్ అతుకులు, వెంట్రుక లాంటి పగుళ్లు అక్కడే ఉంటాయి. వెనక టైర్లలో బరువు కోసం ఉప్పునీళ్లు, అంటే కాల్షియం క్లోరైడ్ నీళ్లు నింపేవాళ్లు. వాల్వ్ పిన్ను చుట్టూ రిమ్ము తినేసినట్టు ఉంటే అదే కారణం.

పరికరాలు మర్చిపోకండి. గడ్డి కోసే డెక్, నాగలి, మంచు తోసే బ్లేడు, వాటిని బిగించే బ్రాకెట్లు, లివర్లు షెడ్డులో ఇంకో మూల పడి ఉంటాయి. ఆవిడకు అవి ఏ బండివో తెలియకపోవచ్చు. పాత డబ్బాలు, గోడకు వేలాడే ఇనుప ముక్కలు అన్నీ చూపించమని మర్యాదగా అడగండి. ఆ ఇనుప ముక్కల విలువ కొన్నిసార్లు బండి కంటే ఎక్కువ. అది ఆవిడకు కూడా చెప్పండి. భర్త పోయిన మనిషి దగ్గర తెలియనట్టు నటించి తక్కువకు కొనడం నాకు నచ్చని పని.

ప్రశ్న: బండి కొనేశాను అన్నా. పిస్టన్ పట్టేసింది. మా బావమరిది వేరే బండికి తాడు కట్టి గేరు వేసి లాగేద్దాం, దానంతట అదే వదులుతుంది అంటున్నాడు. లాగమంటావా?

జవాబు: వద్దు తమ్ముడూ. తాడు తీసి లోపల పెట్టు. తుప్పుకి అంటుకున్న పిస్టన్‌ని చక్రాల బలంతో లాగితే రింగు విరుగుతుంది, లేదా పిస్టన్‌ని క్రాంక్ ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒక్క నిమిషం తొందరకి నెల పని పెరుగుతుంది.

ముందు పట్టేసింది పిస్టనేనా అని చూసుకో. స్టార్టర్ బెల్ట్ తీసెయ్, క్లచ్ విడిపించు, పీటీఓ విడిపించు. ఫ్లైవీల్, అంటే ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం, దాని మీద రేకు విప్పు. ఎలుకలు గూడు కట్టి, ఆ చెత్త ఫ్లైవీల్‌కి అడ్డుపడి ఇంజన్ పట్టేసినట్టు కనిపించిన బళ్లు నేను రెండు చూశాను. గూడు తీస్తే చేత్తో తిరిగాయి. గూడు లేకపోయినా ఆ రేకు కింద సిలిండర్ రెక్కల మధ్య ఎండుగడ్డి, మట్టి ఉంటాయి. ఈ ఇంజన్‌కి గాలే చల్లదనం. అది శుభ్రం చెయ్యకుండా స్టార్ట్ చేస్తే వేడికి పాడవుతుంది.

నిజంగా పిస్టనే అయితే స్పార్క్ ప్లగ్ తీసి, తుప్పు వదిలించే పల్చటి నూనె పోసి వదిలెయ్. చాలామంది ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో కలిపి పోస్తారు, నేనూ అదే వాడతాను. అసిటోన్ చటుక్కున అంటుకుంటుంది కాబట్టి నిప్పుకి దూరంగా, గాలి ఆడే చోట పని చెయ్. పోసింది కిందికి దిగుతుంటే రింగుల సందుల్లోంచి పోతోందని అర్థం, అది మంచి కబురు. రోజూ కొంచెం పోస్తూ ఉండు. క్రాంక్ చివర నట్టుకి పొడవాటి పానా వేసి ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపు. తిప్పాలని చూడకు, ఊపు చాలు. ఒక వెంట్రుక వాసి కదిలితే ఆ రోజుకి ఆపేసి మళ్లీ నూనె పొయ్యి. నాకు ఒకటి మూడో రోజే వదిలింది, ఇంకొకటి ఐదు వారాలు తీసుకుంది. వారం దాటినా కదలకపోతే హెడ్ విప్పి చూడు. వాల్వు తెరుచుకుని ఉన్న చోట నీళ్లు దిగి సిలిండర్ గోడ మీద తుప్పు గీత కనిపిస్తుంది. దాన్ని సన్నటి గరుకు కాగితంతో నూనె తడి మీద తీసి, అప్పుడు ఊపు. సుత్తి తియ్యాల్సి వస్తే గట్టి చెక్క దిమ్మ పెట్టి, పిస్టన్ కిందికి పోయే వైపే, మెల్లగా.

వదిలాక ఆనందంలో వెంటనే స్టార్ట్ చేస్తావు. చెయ్యకు. నా మొదటి బండి ఇలాగే పోగొట్టుకున్నాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నిండుగా ఉంది. నిండుగా ఉందని సంతోషించాను. అది నిండుగా ఎందుకుందో ఆలోచించలేదు. కార్బురేటర్‌లో నీడిల్ సరిగ్గా మూసుకోక, ట్యాంకు లోంచి పెట్రోల్ రాత్రంతా కారి సిలిండర్ గుండా ఆయిల్‌లోకి చేరింది. ఈ ఇంజన్లలో ఆయిల్ పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్ కింద చిన్న గరిటె లాంటిది ఆయిల్‌ని చిమ్ముతుంది, అంతే. నీళ్లలా పల్చబడ్డ ఆయిల్‌తో నాలుగు నిమిషాలు నడిచింది. రాడ్ క్రాంక్‌కి పట్టేసి విరిగి, సిలిండర్ బ్లాకుకి నా పిడికిలంత చిల్లు పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. డిప్‌స్టిక్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి వాసన చూసి ఉంటే ఆ ఇంజన్ బతికేది.

కాబట్టి ఆయిల్ వాసన చూడు. చూసినా చూడకపోయినా ఆ ఆయిల్ మొత్తం వంచేసి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు పొయ్యి. వేడి రోజుల్లో కె-సిరీస్‌కి ఎస్ఏఈ 30 సింగిల్ గ్రేడ్ వాడతారు. మొదటి రెండు, మూడు గంటలు నడిచాక అదీ వంచెయ్. వదిలిన తుప్పంతా అందులోకి వస్తుంది.

పెట్రోల్ సంగతి. ట్యాంకులో ఉన్నది ఒక్క చుక్క కూడా వాడకు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నీళ్లు పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని పాడు చేస్తుంది. పైపు, ఫిల్టర్ కొత్తవి వెయ్. కార్బురేటర్ విప్పినప్పుడు జెట్ రంధ్రాల్లో ఇనుప తీగ పెట్టి పొడవకు, రంధ్రం పెద్దదైతే మళ్లీ సరి కాదు. ఎలక్ట్రిక్ వైరు లోంచి తీసిన ఒక్క రాగి పోగు చాలు.

స్పార్క్ రాకపోతే కొత్త కాయిల్ కొనడానికి పరుగెత్తకు. ఏళ్ల తరబడి నిలబడ్డ బండిలో పాయింట్ల మీద పల్చని పొర కడుతుంది, కంటికి కూడా కనిపించదు. పాయింట్లు మూసుకున్నప్పుడు మధ్యలో శుభ్రమైన గట్టి కాగితం పెట్టి లాగు. నల్లటి గీత పడుతుంది. ఆ గీత పడకుండా పోయేదాకా కాగితం మార్చి లాగు. తర్వాత సందు 0.020 అంగుళం, అంటే దాదాపు అర మిల్లీమీటరు పెట్టు. స్పార్క్ చూసేటప్పుడు ప్లగ్‌ని దాని రంధ్రానికి దూరంగా పెట్టు, ఆ రంధ్రం లోంచి పెట్రోల్ ఆవిరి వస్తుంటుంది. సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ తక్కువ చూపిస్తే కంగారు పడకు. స్టార్ట్ చెయ్యడం తేలిక కావాలని, మెల్లగా తిరిగేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వుని కొంచెం ఎత్తి ఉంచే ఏర్పాటు ఈ ఇంజన్లలో చాలావాటికి ఉంది. గేజ్ మీద తక్కువ అంకె రావడం దానికి సహజం. ఆ అంకె చూసి మంచి ఇంజన్లు విప్పేసినవాళ్లు ఉన్నారు.

ప్రశ్న: మా బండి స్టార్ట్ అవుతుంది, బ్యాటరీ మాత్రం ఛార్జ్ కావడం లేదు. జనరేటర్ కొత్తది కొనాలా?

జవాబు: మీ ఉత్తరంతో పాటు పంపిన ఫొటో చూశాను. మీది స్టార్టర్-జనరేటర్. ఒకే డబ్బా బెల్టుతో ఇంజన్‌ని తిప్పుతుంది, ఇంజన్ నడిచాక అదే కరెంటు చేస్తుంది. ఫొటోలో బెల్టు వదులుగా కనిపిస్తోంది, ముందు అది బిగించండి. ఇంజన్‌కీ చాసిస్‌కీ మధ్య, బ్యాటరీకీ చాసిస్‌కీ మధ్య ఎర్త్ వైరు విప్పి, రంగు, తుప్పు గీకి తళతళలాడే ఇనుము మీద బిగించండి. నా దగ్గరకు వచ్చిన ఛార్జింగ్ సమస్యల్లో ఎక్కువ వీటితోనే తీరాయి.

అప్పటికీ కాకపోతే మీటరు పెట్టండి. నిండిన బ్యాటరీ ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజన్ వేగం పెంచినప్పుడు అది 14 దగ్గరకు ఎక్కాలి. ఎక్కకపోతే జనరేటర్ వెనక మూత తీసి బ్రష్షులు అరిగాయేమో చూడండి. ఎవరైనా జనరేటర్ గానీ రెగ్యులేటర్ గానీ విప్పి పెట్టారా? అయితే దాన్ని పోలరైజ్ చెయ్యాలి, అంటే కరెంటు సరైన దిక్కున పుట్టేలా సరిచెయ్యాలి. లేకపోతే మంచి జనరేటర్ కూడా తప్పు దిక్కున కరెంటు చేసి రెగ్యులేటర్‌ని కాల్చేస్తుంది. ఆ పద్ధతి వైరింగ్ రకాన్ని బట్టి మారుతుంది, మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్నట్టే చెయ్యండి. ఇవన్నీ అయ్యాక కొత్త జనరేటర్ మాట.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు. బాగు చేసిన బండి మీద వాణ్ణి తిప్పొచ్చా?

జవాబు: వద్దండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని కూడా వద్దు. ఆ కాలం బళ్లకు సీటు మీద నుంచి మనిషి లేస్తే ఇంజన్ ఆపే స్విచ్ ఉండదు. పడిపోయినా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. వాలు మీద వెనక్కి తిరగబడే బళ్లు ఇవి. అబ్బాయికి ఆసక్తి ఉంటే పానాలు ఇచ్చి, ఇంజన్ ఆపి, ప్లగ్ వైరు పీకి, పక్కన కూర్చోబెట్టుకోండి. బోల్టులు ఏ చోటువో రాసి విడివిడి డబ్బాల్లో పెట్టే పని వాడికి ఇవ్వండి, ఎంత శ్రద్ధగా చేస్తాడో చూడండి.

ప్రశ్న: మాస్టారుగారూ, మా నాన్నగారి గార్డెన్ ట్రాక్టర్‌ని నేనే బయటికి తీశాను. మీ పాత జవాబులు చదివి ఆయిల్ మార్చి, కార్బురేటర్ కడిగి స్టార్ట్ చేశాను. చాలా బాగా నడుస్తుంది కానీ సరిగ్గా పది, పన్నెండు నిమిషాలకు దగ్గి ఆగిపోతుంది. అరగంట ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఇంకో సంగతి. మా అన్నయ్య మొత్తం విప్పేసి, రంగు గీకేసి కొత్తగా పెయింట్ వేయిద్దాం అంటున్నాడు. బానెట్ లోపలి వైపు నాన్నగారు ఆయిల్ మార్చిన తేదీలన్నీ మార్కర్‌తో రాసుకున్నారు. అది పోతుందని నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీరే స్టార్ట్ చేశారని చదివి చాలా సంతోషించాను.

ఆగిపోయిన ఆ క్షణమే మీకు అసలు ఆధారం, అరగంట దాటితే అది పోతుంది. కాబట్టి ఈసారి పానా, స్పార్క్ చూసే ప్లగ్ పక్కనే పెట్టుకుని నడపండి. ఆగగానే మొదట ట్యాంకు మూత వదులు చెయ్యండి. ఉస్సుమని గాలి లోపలికి పోయి, వెంటనే స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. గాలి రాక పెట్రోల్ దిగడం లేదు. మూత కడిగితే అయిపోయింది. నాకు తెలిసి ఈ జబ్బుకి ఎక్కువసార్లు మందు ఇదే.

అది కాకపోతే వెంటనే స్పార్క్ చూడండి. చల్లగా ఉన్నప్పుడు వచ్చి, వేడిలో రాకపోతే కండెన్సర్ లేదా కాయిల్. చవకైనది కండెన్సర్, ముందు అది మార్చండి. స్పార్క్ ఉంది, పెట్రోల్ ఉంది, అయినా ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పితే, చల్లగా ఉన్నప్పటి కంటే తేలిగ్గా, ఒత్తిడి తగలకుండా తిరుగుతోందా? అప్పుడు వాల్వుల సందు చాలకపోయి ఉండొచ్చు. వేడికి వాల్వు కాడ సాగి, పూర్తిగా మూసుకోకుండా నిలబడిపోతుంది. అది ఇంజన్ చల్లారాక కొలిచి సరి చెయ్యాల్సిన పని, మొదటిసారి అనుభవం ఉన్నవాళ్లను పక్కన పెట్టుకోండి. ఇవన్నీ చూసే ముందు రెక్కల మధ్య చెత్త లేదని మాత్రం రూఢి చేసుకోండి.

పెయింట్ సంగతిలో నేను పూర్తిగా మీ పక్షం. నడుస్తున్న బండిని రంగు కోసం ముక్కలు చేసి, మళ్లీ బిగించే ఓపిక లేక డబ్బాల్లో వదిలేసిన వాళ్లను చాలామందిని చూశాను. ఒక సీజన్ పని చెయ్యనివ్వండి. ఎక్కడ ఆయిల్ కారుతుందో, ఏది వదులవుతుందో తెలుస్తుంది. అప్పుడు విప్పాలో వద్దో మీ ఇద్దరికీ స్పష్టంగా ఉంటుంది. మీ అన్నయ్యగారికి ఇంకో మాట చెప్పండి. ఆ కాలం రంగుల్లో సీసం ఉండొచ్చు, క్లచ్, బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గ్రైండర్ పెట్టి పొడిగా గీకడం, కంప్రెసర్ గాలితో ఆ దుమ్ము ఊదడం చెయ్యకూడదు. తడిపి తుడవాలి, మాస్కు పెట్టుకోవాలి.

రాతకు అసలు ప్రమాదం పెయింట్ కంటే ముందే ఉంది. కార్బురేటర్ శుభ్రం చేసే స్ప్రే తుంపర తగిలితే మార్కర్ సిరా నిమిషంలో కరిగిపోతుంది. పెట్రోల్ తడి గుడ్డ తగిలినా అంతే. ఇంకోసారి స్ప్రే చేతిలోకి తీసుకునే ముందే బానెట్ విప్పి, దూరంగా గోడకు ఆనించండి. వెలుతురు పక్క నుంచి పడేలా ఫొటో తీసుకోండి, చెరిగిన అంకెలు కూడా కనిపిస్తాయి. రంగు వేయించాల్సి వచ్చినా పై వైపు మాత్రమే వేయించండి. ఇప్పుడు మీరు ఆయిల్ మార్చిన తేదీ ఉంది కదా, నాన్నగారి చివరి తేదీ కింద అది రాయండి.